ఇంట్లో చంటివాళ్లతో రోజు ఎలా నడపాలి: ఏడాది నుంచి నాలుగేళ్ల దాకా సమగ్ర మార్గదర్శి

అడుగులు పడ్డ దగ్గర్నుంచి నాలుగేళ్లు నిండి ఎదురు ప్రశ్నలు వేసే దాకా, ఇంటిపట్టున ఉండే పిల్లల్ని చూసుకునేవాళ్ల కోసం రాస్తున్నాను. నెలల పిల్లల సంగతి వేరు, వాళ్లకు పాలూ నిద్రే లోకం. బడికెళ్లే పిల్లల సంగతి మరీ వేరు. నడుమ ఉన్న ఈ మూడేళ్లే ఇల్లు పీకి పందిరేసే వయసు. ముద్దు ఎక్కువ వచ్చేదీ, ఓపిక ఎక్కువ పోయేదీ ఇప్పుడే.

ఈ వయసులో చెప్పి మార్చగలిగేది చాలా కొంచెం. "ముట్టుకోకు" అని పొద్దున్నుంచి సాయంత్రం దాకా అరిచినా, ఆ చెయ్యి మళ్లీ అక్కడికే వెళ్తుంది. పొగరుతో కాదు, చూసింది ముట్టుకోకుండా ఆగే శక్తి వాళ్ల బుర్రకు ఇంకా రాలేదు. పిల్లల్ని మార్చే పని పక్కనపెట్టి ఇంటినీ, వేళల్నీ, మన అలవాట్లనీ కాస్త మార్చుకుంటే సగం గొడవ తగ్గిపోతుంది. కింద రాసిందంతా ఆ లెక్కలోనే ఉంటుంది.

1. ముందు ఇంటిని వాళ్ల ఎత్తు నుంచి చూడండి

ఒక మధ్యాహ్నం పిల్లలు పడుకున్నాక మీరు నేలమీద కూర్చుని, మోకాళ్ల మీద గదిగదికీ తిరగండి. నవ్వులాటగా అనిపిస్తుంది గానీ, నిలబడి చూస్తే కనపడనివన్నీ అప్పుడే కనపడతాయి. మంచం కింద దొర్లిపోయిన మాత్ర, ప్లగ్గులో ఉన్న దోమల మందు సీసా, కిందికి వేలాడే రైస్ కుక్కర్ వైరు, గ్యాస్ పొయ్యి మరలు.

మన ఇళ్లలో ప్రత్యేకంగా చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. తాతయ్య బీపీ మాత్రలు, నాయనమ్మ షుగర్ మాత్రలు దిండు పక్కనో, టీవీ బల్ల మీదో ఉంటాయి. ఒక్కటి మింగినా ప్రమాదమే. దేవుడి గదిలో కర్పూరం తెల్లగా బిళ్లలా ఉండి నోట్లో పెట్టుకోవాలనిపిస్తుంది, కొంచెం కడుపులోకి వెళ్లినా ఫిట్స్ రావచ్చు. కూల్‌డ్రింక్ సీసాలో పోసిపెట్టిన ఫినాయిలో, యాసిడో ఇంట్లో ఉంటే ఈ రోజే తీసేయండి. పెరట్లో పచ్చగన్నేరు చెట్టుంటే దాని కాయలు విషం. రిమోట్లలో, ఆట బొమ్మల్లో ఉండే గుండ్రటి బటన్ బ్యాటరీ మింగితే కొన్ని గంటల్లోనే అన్నవాహికను కాల్చేస్తుంది, "పొద్దున దొడ్లో వస్తుందిలే" అని ఆగడానికి లేదు.

నీళ్లు. బాత్రూంలో సగం నిండిన బకెట్ చాలు. పిల్లలు తొంగిచూసి తలకిందులుగా పడితే తమంతట తాము లేవలేరు. వాడగానే బకెట్ బోర్లించడం ఇంట్లో అందరికీ అలవాటు కావాలి, పనమ్మాయికి కూడా చెప్పాలి. సంపు మూతకు తాళం వేయండి. బాల్కనీ గోడ పక్కన ప్లాస్టిక్ కుర్చీ, పూలకుండీ ఉండకూడదు, వాళ్లకు అవి మెట్లు.

గంజి వార్చేటప్పుడు, సాంబారు దించేటప్పుడు పిల్లలు వంటగది గడప బయట ఉండాలి. పొరపాటున కాలితే కుళాయి కింద 20 నిమిషాలు చల్లటి నీళ్లు ధారగా పోయండి. టూత్‌పేస్టు, ఇంకు, పసుపు, వెన్న ఏవీ పుయ్యొద్దు.

ఇంతా చేశాక ఒక మంచి పని మిగిలింది. వంటింట్లో అన్నిటికన్నా కింది అర వాళ్లకు ఇచ్చేయండి. రెండు స్టీలు గిన్నెలు, ఒక గరిటె, మూతలు, ఖాళీ పోపులపెట్టె. అంతా వద్దు అనే ఇంట్లో "ఇది నీది" అనే చోటు ఒకటుంటే, మీరు కూర తరుక్కునే సేపు వాళ్లు మీ కాళ్ల దగ్గరే మోగించుకుంటూ ఉంటారు. చప్పుడు మాత్రం భరించాలి.

2. టైంటేబుల్ వద్దు, వరుస ఉండాలి

రెండేళ్ల పిల్లకు పది గంటలంటే తెలియదు. లాల పోసుకున్నాక బువ్వ, బువ్వ తిన్నాక బజ్జోవడం అనేది బాగా తెలుస్తుంది. కాబట్టి గడియారం పట్టుకుని వెంటపడకుండా, ఒకదాని తర్వాత ఒకటి వచ్చే వరుసను రోజూ అలాగే ఉంచండి. మా ఇంట్లో నడిచే వరుస ఇది: లేవడం, మొహం కడగడం, టిఫిను, వీధిలోకో మేడమీదకో ఒకసారి, స్నానం, ఆట, అన్నం, నిద్ర, లేచాక పండో పాలో, సాయంత్రం బయట, కాళ్లూ చేతులూ కడగడం, అన్నం, దీపాలు తగ్గించడం, కథ, నిద్ర. చుట్టాలొచ్చినా, పండగైనా గంటా రెండు గంటలు అటూ ఇటూ అవుతుంది, వరుస మారకపోతే చాలు.

ఒక పనిలోంచి ఇంకో పనిలోకి మారేటప్పుడే ఏడుపులు పుడతాయి. పార్కులో ఆడుతున్న పిల్లాణ్ణి ఉన్నపళాన ఎత్తుకొస్తే ఏడవక ఏం చేస్తాడు? ముందే చెప్పాలి, వాడికి అర్థమయ్యే కొలతలో చెప్పాలి. "ఐదు నిమిషాలు" అంటే గాల్లో మాట. "ఇంకో రెండుసార్లు జారుడుబల్ల ఎక్కి, ఆ కుక్కకి టాటా చెప్పి ఇంటికెళ్దాం" అంటే పట్టుకోవడానికి ఏదో ఒకటి దొరుకుతుంది. రెండుసార్లు అన్నాక మూడోసారి మాత్రం ఒప్పుకోవద్దు.

3. తిండి: ఎక్కువ గొడవ, ఎక్కువ భయం ఇక్కడే

తెలుగిళ్లలో తల్లికి పడే మొదటి మార్కు పిల్లల బొద్దుతనం మీదే. "చిక్కిపోయాడేంటి?" అని చుట్టాలావిడ అన్న ఒక్క మాటకి ఆ రాత్రి పిల్లాడి నోట్లో నాలుగు ముద్దలు ఎక్కువ కుక్కుతాం. మొదటి ఏడాదిలో పెరిగినట్టు రెండో ఏడాదిలో పెరగరు, బరువు పెరిగే వేగం తగ్గుతుంది, దాంతోపాటే ఆకలీ తగ్గుతుంది. ఇది తెలిస్తే భయం సగం పోతుంది. అంగన్‌వాడీలో గానీ, టీకాలకెళ్లినప్పుడు గానీ బరువూ ఎత్తూ కొలిపించి కార్డులో గీత చూసుకోండి. గీత తన దారిలో పైకి వెళ్తుంటే చుట్టాలావిడ మాట పట్టించుకోనక్కర్లేదు.

పని ఇలా పంచుకోండి. ఏం పెట్టాలి, ఏ వేళకు పెట్టాలి, ఎక్కడ కూర్చోబెట్టాలి అనేవి మీ చేతిలో పని. ఎంత తినాలి అన్నది వాళ్ల కడుపుకు వదిలేయాలి. మూడు పూటల అన్నం, మధ్యలో రెండుసార్లు చిరుతిండి. ఈ ఐదు వేళల నడుమ మంచినీళ్లు తప్ప ఏదీ చేతికివ్వకపోతే ఆకలి దానంతటదే వస్తుంది. చాలా ఇళ్లలో "అసలేం తినడు" అనే పిల్లాడి లెక్క తీస్తే పొద్దున్నుంచి రెండు బిస్కెట్లు, గ్లాసు పాలు, చేగోడీ, తాతయ్య తెచ్చిన చాక్లెట్, మళ్లీ సగం గ్లాసు పాలు. అన్నానికి చోటేది?

పాల గురించి విడిగా చెప్పాలి. ఏడాది దాటిన పిల్లలకు ఆవుపాలో గేదెపాలో రోజుకు అర లీటరు మించనివ్వొద్దు. పాలలో ఐరన్ దాదాపు ఉండదు, పైగా కడుపు నింపేసి ఐరన్ ఉండే తిండిని అడ్డుకుంటుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో ఆరు నెలలు దాటి ఐదేళ్లు నిండని పిల్లల్లో 67 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. డబ్బున్న ఇళ్లేమీ దీనికి మినహాయింపు కాదు. ఆశా కార్యకర్త ఇచ్చే ఐరన్ సిరప్ వారానికి రెండుసార్లు వేయడం, ఏడాది దాటాక ఆరు నెలలకోసారి నులిపురుగుల మందు వేయించడం మానొద్దు. పాలసీసా ఇంకా ఉంటే ఈ ఏడాదిలోనే మాన్పించి గ్లాసుకి మార్చండి. రాత్రి సీసా నోట్లో పెట్టుకుని పడుకుంటే ముందుపళ్లు పుచ్చిపోతాయి.

ఏం పెట్టాలన్నది పెద్ద చిక్కు కాదు, మన వంటింట్లోనే అంతా ఉంది. మెత్తగా ఉడికిన పప్పన్నంలో నెయ్యి, పాలకూర పప్పు, తోటకూర, ఇడ్లీ, రాగి సంగటి, పెసరట్టు, గుడ్డు, పెరుగన్నం, అరటిపండు, జామపండు గింజలు తీసి. మాంసం తినే ఇల్లయితే చేపా, కీమా మెత్తగా చేసి పెట్టొచ్చు. పప్పన్నం మీద రెండు చుక్కల నిమ్మరసం పిండితే ఆకుకూరలోని ఐరన్ ఒంటికి బాగా పడుతుంది. మన చారు, పులుసు వాళ్లకు కారంగా ఉంటాయి కాబట్టి పోపూ కారం వేయకముందే వాళ్ల వంతు గిన్నెలోకి తీసేస్తే వేరే వంట చేయక్కర్లేదు. రెండేళ్లు నిండేదాకా పంచదార అలవాటు చేయకుండా ఉండగలిగితే మంచిది. ఏడాది లోపు తేనె అసలు నాకించొద్దు.

కొత్త కూర మొదటిరోజు ఉమ్మేస్తే "వీడికి బీరకాయ పడదు" అని తీర్మానం చేసేయకండి. పది పదిహేనుసార్లు కంచంలో కనపడితే గానీ కొందరు నోట్లో పెట్టుకోరు. తినమని బతిమాలకుండా, తిన్నందుకు చప్పట్లు కొట్టకుండా కంచంలో ఒక చెంచాడు పెట్టి ఊరుకోండి. మీరు తినడం వాళ్లు చూడాలి.

గోరుముద్దల విషయంలో నాది మధ్యేమార్గం. అమ్మ చేతి ముద్ద రుచి నేను కాదనను. కానీ కంచం మొత్తం మీరే తినిపిస్తే నాలుగేళ్లొచ్చినా నోరు తెరుచుకుని కూర్చుంటారు. నేలమీద పాత చీర పరిచి, కంచంలో కొంచెం పప్పన్నం పెట్టి వదిలేయండి. మొదట పిసుకుతారు, తర్వాత జుట్టుకి పూసుకుంటారు. మెతుకు ఒకటి పట్టుకుని, అది జారిపోతే మళ్లీ రెండు వేళ్లతో తీసి, గడ్డం మీదుగా నోటికి చేర్చి, మన వైపు ఒక చూపు చూస్తారు. ఆ చూపు కోసం చీర ఉతుక్కోవచ్చు. ఆ పూట ఆకలి తీరకపోతే చివర నాలుగు ముద్దలు మీరు పెట్టండి. అరగంట దాటాక కంచం తీసేయండి.

గొంతుకు అడ్డుపడేవి: వేరుశనగ గుళ్లు, పుట్నాలు, గుండు ద్రాక్ష, సీతాఫలం గింజలు, చింతగింజలు, గట్టి బిళ్లలు. నాలుగైదేళ్ల దాకా పల్లీలు పొడిచేసి గానీ ముద్దచేసి గానీ పెట్టండి, ద్రాక్షను నిలువుగా కోసి పెట్టండి. పరిగెడుతున్న పిల్లల నోట్లో ఏదీ పెట్టొద్దు. అడ్డుపడి దగ్గు కూడా రాకుండా ఉక్కిరిబిక్కిరవుతుంటే ముందుకు వంచి, రెండు భుజాల ఎముకల నడుమ అరచేతి మణికట్టు వైపుతో గట్టిగా ఐదు దెబ్బలు వేయాలి. రాకపోతే, ఏడాది దాటిన పిల్లలకు వెనక నుంచి పట్టుకుని బొడ్డు పైన పిడికిలితో లోపలికీ పైకీ ఐదుసార్లు నొక్కాలి. మళ్లీ వీపు మీద ఐదు, మళ్లీ పొట్ట మీద ఐదు. పక్కవాళ్లు ఆ లోపు 108కి ఫోన్ చేయాలి. కనపడని వస్తువు కోసం నోట్లో వేలు పెట్టి వెతకొద్దు, ఇంకా లోపలికి పోతుంది. వీలుంటే ఇది ఒకసారి డాక్టరు దగ్గర చూసి నేర్చుకోండి.

4. నిద్ర

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన లెక్క ప్రకారం ఏడాది, రెండేళ్ల పిల్లలకు పగలూ రాత్రీ కలిపి 11 నుంచి 14 గంటలు, మూడు నాలుగేళ్ల వాళ్లకు 10 నుంచి 13 గంటల నిద్ర కావాలి. మన ఇళ్లలో ఇది ఎక్కడ తెగుతుందో చెప్పక్కర్లేదు. నాన్న తొమ్మిదింటికి ఇంటికొస్తాడు, పిల్ల ఎగిరి గంతేస్తుంది, ఆట మొదలు, పదకొండు. నాన్నను చూడనివ్వకుండా పడుకోబెట్టమని చెప్పే మనసు నాకు లేదు. వేరే దారి చూసుకోవచ్చు. సాయంత్రం కుదరని నాన్నకు పొద్దున టిఫినూ స్నానమూ అప్పగించేయండి. రాత్రి ఆలస్యంగా వస్తే మసక దీపంలో కథ చెప్పే వంతు ఆయనది, గాల్లోకి ఎగరేసే ఆట ఆదివారం.

పడుకునే ముందు గంట నుంచీ టీవీ, ఫోను కట్టేసి దీపాలు తగ్గించండి. పగటి నిద్ర సాయంత్రం నాలుగు దాటనివ్వొద్దు. చీర ఉయ్యాల కట్టేవాళ్లు నడక వచ్చిన పిల్లల్ని అందులో ఒంటరిగా వదలొద్దు, తిరుగుతూ మెడకు చుట్టుకుంటుంది. జోలపాటకు గొంతు బాగుండాల్సిన పని లేదు, రోజూ అదే పాట అయితే చాలు.

5. మంకుపట్టు

ఏడాదిన్నర దగ్గర మొదలై మూడు మూడున్నరేళ్ల దాకా ఉంటుంది. కారణాలు మనకు తలాతోకా లేనట్టు కనిపిస్తాయి. మా అపార్టుమెంట్లో ఒక సాయంత్రం లిఫ్ట్ బటన్ మావాడు నొక్కాలి. పైఅంతస్తు పెద్దాయన, పాపం మంచితనంతోనే, ఆయనే నొక్కేశారు. అంతే. వాడు లిఫ్ట్ నేలమీద బోర్లా పడి, చెప్పులు విసిరేసి, ఊపిరి బిగబట్టి ఏడుపు. ఐదో అంతస్తు వచ్చింది, తలుపు తెరుచుకుంది, మూసుకుంది. ఆయన మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక "నువ్వే నొక్కమ్మా, నువ్వే నొక్కు" అంటూ అన్ని బటన్లూ చూపిస్తున్నారు. అప్పుడు వాడికి ఏ బటనూ అక్కర్లేదు.

ఆ స్థితిలో మాట బుర్రకెక్కదు. వరుసగా చేయాల్సినవి ఇవి.

మొదట, దెబ్బ తగిలే చోటులో ఉంటే ఎత్తుకుని పక్కకి తీసుకెళ్లండి. రోడ్డు, మెట్లు, పొయ్యి పక్కన అయితే ఇక ఆలోచించకండి. తర్వాత వాళ్ల ఎత్తుకి కూర్చుని, తక్కువ గొంతుతో, కోపం దేనిమీదో మీరే ఒక్క వాక్యంలో చెప్పండి. "నువ్వు నొక్కాలనుకున్నావు. తాతగారు నొక్కేశారు. కోపం వచ్చింది." వాళ్ల దగ్గర ఇంకా లేని మాటలు మనం అరువిస్తున్నామన్నమాట. కౌగలించుకోనిస్తే కౌగలించుకోండి, తోసేస్తే రెండడుగుల దూరంలో ఉండండి. ఉపన్యాసం, "చూడు అందరూ నవ్వుతున్నారు" అనడం, ఫోను ఇవ్వడం ఈ మూడూ వద్దు. తగ్గాక ముక్కు తుడిచి, నీళ్లిచ్చి, ముందు చేస్తున్న పనిలోకి వెళ్లిపోండి. జరిగినదాని మీద విచారణ పెట్టొద్దు.

కుదరని వస్తువు కోసం ఏడిస్తే ఏడుపయ్యాక కూడా అది ఇవ్వకూడదు. ఇవ్వదలచుకుంటే అడిగిన మొదటిసారే ఇచ్చేయండి. పావుగంట ఏడ్చాక ఇస్తే, ధర పావుగంట అని వాళ్లకు తెలిసిపోతుంది. కొట్టడం గురించి నా అభిప్రాయం సూటిగానే చెప్తాను: ఈ వయసులో దెబ్బ వల్ల భయం తప్ప ఇంకేం రాదు, మర్నాడు అదే దెబ్బ చెల్లి మీద పడుతుంది. బూచోడు, పోలీసు, సూది వేసే డాక్టరు అని బెదిరించడమూ అంతే. రేపు నిజంగా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాల్సింది మనమే.

చాలా మంకుపట్ల వెనక ఆకలో నిద్రో ఉంటుంది. పెళ్లికి వెళ్తున్నారా? ముహూర్తం పగటి నిద్ర వేళకైతే ముందు నిద్రపుచ్చుకుని బయల్దేరండి, సంచిలో రెండు ఇడ్లీలు ఉంచుకోండి. ఇంట్లో కూడా చిన్న చిన్న ఎంపికలు వాళ్లకు వదిలేయండి. ఎర్ర చొక్కానా, పచ్చదా? ముందు కాళ్లు కడగాలా, చేతులా? స్నానం చేస్తావా అని మాత్రం అడగొద్దు, "చెయ్యను" అంటే ఇరుక్కునేది మీరే.

6. ఫోను

రెండేళ్లలోపు వద్దు, రెండు నుంచి ఐదేళ్ల దాకా రోజుకు గంట మించొద్దు అని భారతీయ పిల్లల వైద్యుల సంఘం చెప్తోంది. ఊరి నుంచి అమ్మమ్మతో, అమెరికాలో ఉన్న మామయ్యతో వీడియో కాల్ ఈ లెక్కలోకి రాదు, అది మాట్లాడుకోవడమే. అసలు తగాదా అన్నం దగ్గర ఫోనుతో. అలవాటైపోయి ఉంటే మాన్పించడం సాధ్యమే, కొన్ని రోజులు ఇల్లు హోరెత్తుతుంది. సెలవు రోజుల్లో మొదలుపెట్టండి, ఇంట్లో అందరూ ఒప్పుకున్నాకే మొదలుపెట్టండి. అన్నం వేళ ఇంట్లో ఎవరి చేతిలోనూ ఫోను కనపడకూడదు. మొదటి పూటలు తక్కువ తింటారు. ఒంట్లో బాగున్న పిల్లలకు దానివల్ల ఏం కాదు, ఆకలి మళ్లీ దారికి తెస్తుంది. వంట సేపు తెర లేకుండా గడవాలంటే ముందు చెప్పిన కింది అర ఉంది. బఠాణీ కాయలు ఒలవడం, చపాతీ పిండి ముద్ద, గచ్చు మీద సుద్దముక్క కూడా పనికొస్తాయి. ఒలిచిన బఠాణీ నోట్లోకి వెళ్లకుండా మాత్రం మీ కన్ను ఉండాలి.

7. ఉచ్చ, దొడ్డి చెప్పడం నేర్పడం

మన అమ్మమ్మలు పీట మీద కూర్చుని, రెండు పాదాల నడుమ పిల్లల్ని కూర్చోబెట్టి "స్స్..." అనేవాళ్లు. వేళకు కూర్చోబెట్టడం వల్ల అలవాటు పడేది, తప్పేం లేదు. డైపర్ వాడే ఇళ్లలో అయితే ఏడాదిన్నర దాటాక, రెండు గంటలు పొడిగా ఉండటం, తడిస్తే చిరాకుపడటం, పక్కకెళ్లి ముక్కడం కనిపించాక మొదలుపెట్టండి. టిఫిను తిన్న పావుగంటకు కూర్చోబెడితే పని తేలిక, తిన్నాక పేగు కదులుతుంది. కాళ్లు గాల్లో వేలాడకూడదు, పాదాల కింద పీట వేయండి. పక్క తడిపితే తిట్టొద్దు. రాత్రిపూట ఆపుకోవడం ఐదేళ్లకి వచ్చినా మామూలే.

దొడ్డి గట్టిపడి నొప్పి వస్తే పిల్లలు భయపడి బిగబట్టుకుంటారు, అప్పుడు నేర్పడం ఆపి నీళ్లు, పండ్లు, ఆకుకూరలు పెంచండి. పాలు తగ్గించండి. అప్పటికీ తగ్గకపోతే డాక్టరు దగ్గరికి.

8. మాటా ఆటా

ఇదొక్కటే ఖర్చు లేని సుఖం. కాకి వచ్చినా, చెత్తబండి పాట పెట్టుకుని వచ్చినా వాళ్లకు పండగే. "నాన్న వచ్చింది, కుక్క వచ్చాడు" అంటారు. దిద్దొద్దు. "అవును, నాన్న వచ్చాడు" అని మీరు సరిగ్గా ఒకసారి అంటే చాలు, దానంతటదే సర్దుకుంటుంది. వాళ్లు ఒక మాటంటే మీరు దానికి ఇంకొకటి కలపండి. "బస్సు" అంటే "అవును, ఎర్ర బస్సు వెళ్తోంది". ఇంటి భాష తెలుగైతే తెలుగులోనే మాట్లాడండి. "ఆపిల్ తిను, హ్యాండ్ వాష్ చెయ్యి" అని సగం సగం ఇంగ్లీషు కలిపితే బడికి ముందే గొప్పగా వస్తుందనుకోవడం భ్రమ. ఒక భాషలో గట్టిగా కథ అల్లగలిగిన పిల్లలు రెండోది త్వరగా అందుకుంటారు.

ఆటలకు కొన్న బొమ్మలు పెద్దగా అక్కర్లేదు. ఉప్పుమూట ఎక్కించుకుని ఇల్లంతా తిప్పండి, దాగుడుమూతలు, ఇసుకలో గుజ్జనగూళ్లు, దుప్పటి కప్పి గుడిసె. అట్టపెట్టె వచ్చిన రోజు అందులో ఉన్న వస్తువు కంటే పెట్టెకే విలువ. రోజు మొత్తం మీద మూడు గంటలైనా ఒళ్లు కదిలే ఆట ఉండాలి, అందులో కొంత ఆరుబయట. అన్నిసార్లూ మీరు కలవక్కర్లేదు. రోజులో ఒక్క పావుగంట ఫోను పక్కన పడేసి, వాళ్లు చెప్పినట్టు మీరు ఆడండి. మిగతా సేపు విసుగు పుట్టనివ్వండి, విసుగులోంచే ఆట పుడుతుంది.

ఏడాదిన్నరకు ఒక్క మాటా రాకపోయినా, రెండేళ్లకు "అమ్మా బువ్వ" లాంటి రెండు మాటల జత కలపకపోయినా, పిలిస్తే తిరగకపోయినా, వేలితో చూపించకపోయినా, వచ్చిన మాటలు పోయినా ఆగొద్దు. "వాళ్ల నాన్నకీ మూడేళ్లకే వచ్చాయి" అనే మాట మీద ఏడాది పోగొట్టుకున్నవాళ్లు చాలామంది. ముందు చెవి పరీక్ష చేయించి, పిల్లల డాక్టరుకు చూపించండి.

9. ఇంట్లో పెద్దవాళ్లతో

అమ్మ వద్దన్నది నాయనమ్మ దగ్గర దొరికితే పిల్లలు తెలివిగా ఆ గదికే వెళ్తారు. తప్పు పిల్లలదీ కాదు, నాయనమ్మదీ కాదు. నాలుగైదు విషయాల్లో మాత్రం ఇంటిల్లిపాదీ ఒకే మాట మీద ఉండేలా చూసుకోండి: అన్నం దగ్గర ఫోను, వేళ కాని వేళ తీపి, కొట్టడం, మందులు. మిగతావి వదిలేయండి. దిష్టి తీయనివ్వండి, సున్నిపిండితో నలుగు పెట్టనివ్వండి, తాతయ్యతో గుడికి పంపండి. కాటుక కంట్లో పెట్టకుండా అరికాల్లో దిష్టిచుక్కగా పెట్టమంటే ఆవిడ ముచ్చటా తీరుతుంది. చెప్పే తీరు ముఖ్యం. "అత్తయ్యా, డాక్టరుగారు ఇలా చెప్పారండీ" అంటే వెళ్లే మాట "మీకు తెలీదు" అంటే వెళ్లదు. ఆ ఇంటి కొడుకే చెప్తే ఇంకా సులువుగా వెళ్తుంది, ఆ పని ఆయన చేయాలి.

పగలంతా పిల్లల్ని చూసే మనిషికి రోజులో ఒక గంట ఎవరూ పిలవని గంట కావాలి. స్నానానికి వెళ్లిన పది నిమిషాలు ఈ లెక్కలోకి రావు. ఇంట్లో మరో పెద్దమనిషి ఉంటే ఆ గంట పేరు పెట్టి అడిగి తీసుకోండి: "ఆరు నుంచి ఏడు దాకా పాప మీ దగ్గర." లేకపోతే మీ అపార్టుమెంట్లోనో పక్కింట్లోనో ఉన్న మరో పిల్లల తల్లితో వంతులు పెట్టుకోండి. వారాల తరబడి ఏడుపు వస్తూ, నిద్ర పట్టక, పిల్లల మీద మనసు పోకపోతే అది సోమరితనం అనుకోకండి. డాక్టరుతో మాట్లాడాల్సిన సంగతి అది.

10. ఒంట్లో బాగోకపోతే

జ్వరానికి పారాసిటమాల్ సిరప్ వయసును బట్టి గాక బరువును బట్టి వేయాలి. డాక్టరు చేత ఎన్ని మిల్లీలీటర్లో రాయించుకుని సీసాకు కాగితం అంటించండి, సీసా మారితే మోతాదు మారుతుంది, మళ్లీ అడగండి. దగ్గు, జలుబు సిరప్‌లు రెండేళ్లలోపు పిల్లలకు ఇవ్వొద్దని 2025 అక్టోబరులో కేంద్ర ఆరోగ్య శాఖ మళ్లీ హెచ్చరించింది. మందుల షాపులో అడిగి తెచ్చి పోయొద్దు. యాంటీబయాటిక్ పాత సీసా ఫ్రిజ్‌లో మిగిలి ఉంటే పారేయండి.

విరేచనాలకు ఓఆర్ఎస్ పొడి. పెద్ద ప్యాకెట్ మొత్తం ఒకేసారి లీటరు నీళ్లలో కలపాలి, కొంచెం కొంచెంగా కలిపితే ఉప్పు లెక్క తప్పుతుంది. వాంతి అవుతుంటే చెంచాతో ఆగి ఆగి పట్టండి. అన్నం, పాలు ఆపక్కర్లేదు. డాక్టరు రాసిన జింక్ విరేచనాలు తగ్గినా 14 రోజులు వేయాలి. అట్టపెట్టెల్లో అమ్మే తియ్యటి పానీయాలను ఓఆర్ఎస్ అనుకుని తెచ్చేవాళ్లం అందరం. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడాక, 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ అలాంటి వాటి మీద ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. ప్యాకెట్ మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ఉందో లేదో చదివి కొనండి.

టీకాల కార్డులో ఏడాది తర్వాత గడులు చాలామంది మర్చిపోతారు. 16 నుంచి 24 నెలల మధ్య తట్టు-రుబెల్లా రెండో డోసు, డీపీటీ, పోలియో బూస్టర్లు పడాలి. విటమిన్ ఎ చుక్కలు ఐదేళ్ల దాకా ఆరు నెలలకోసారి.

వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాల్సినవి ఇవి: ఊపిరి తీసేటప్పుడు పక్కటెముకల కింద గుంటలు పడటం, ఏదీ తాగలేకపోవడం, ఆరేడు గంటలుగా ఉచ్చ పోకపోవడం, లేపినా మత్తుగా ఉండటం, ఫిట్స్, దొడ్లో రక్తం, తలకు దెబ్బ తగిలాక పదేపదే వాంతులు, మాత్రో బ్యాటరీయో మింగడం. కిరసనాయిలో యాసిడో తాగితే వాంతి చేయించొద్దు, ఆ సీసా కూడా పట్టుకుని వెళ్లండి. పిల్లల డాక్టరు నంబరు, రాత్రిపూట తెరిచి ఉండే దగ్గరి ఆసుపత్రి నంబరు, 108, బిడ్డ ప్రస్తుత బరువు, పడని మందు ఏదైనా ఉంటే దాని పేరు పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి ఫ్రిజ్ తలుపు మీద అంటించండి. తాతయ్య కళ్లజోడు లేకుండా చదవగలిగినంత పెద్దగా రాయండి.